ఎవరూ వేటాడని జీవులకు డబ్బెవరు పెట్టాలి? అమెరికా రాష్ట్రాల్లో తేలని లెక్క

న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ ఏటా రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్న్ వేసే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ ఫారం చివరికొచ్చేసరికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: అంతరించిపోతున్న, వేటకు సంబంధం లేని వన్యప్రాణుల నిధికి మీ రిఫండ్‌లోంచి కొంత ఇస్తారా? చాలామంది చదవకుండానే ‘నెక్స్ట్’ నొక్కేస్తారు. ఆగి చదివితే మాత్రం ఒక సందేహం రాక తప్పదు. ఇంత డబ్బున్న దేశం గద్దల్నీ తాబేళ్లనీ కాపాడటానికి పన్ను ఫారం అడుగున చందా అడగడమేమిటి? రోడ్లు వేయడానికి, జైళ్లు నడపడానికి ఎవరూ ఇలా చందా అడగరు కదా.

ఆ ఒక్క గడి వెనక దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. ఎవరి డబ్బు, ఏ జీవికి, ఎవరి నిర్ణయం మీద వెళ్తుందన్న లెక్క అక్కడ ఇప్పటికీ తేలలేదు. రాష్ట్రాలన్నీ పదేళ్లకోసారి తిరగరాయాల్సిన వన్యప్రాణి ప్రణాళికల గడువు 2025లో రావడంతో ఈ చర్చ మళ్లీ ముందుకొచ్చింది. ప్రణాళికలు రాస్తారు సరే, అమలుకు డబ్బెక్కడిది అన్నది అసలు ప్రశ్న.

జంతువు ఎవరి సొత్తు, ఎవరి బాధ్యత

అమెరికాలో సగానికి పైగా భూమి ప్రైవేటు వ్యక్తులది. అయినా ఆ భూమిలో తిరిగే జింక భూయజమానిది కాదు. వన్యప్రాణులు ప్రజలందరివీ, వాటిని ప్రజల తరఫున ధర్మకర్తలా చూసుకోవాల్సింది ప్రభుత్వం అన్నది అక్కడి న్యాయసూత్రం. ప్రభుత్వమంటే ఇక్కడ ముందుగా రాష్ట్ర ప్రభుత్వమే. వలస పక్షులు, సముద్రపు క్షీరదాలు, అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు జాబితాకెక్కిన జీవులు, ప్రధానంగా ఈ మూడింటి విషయంలో ఫెడరల్ (అంటే కేంద్ర) చట్టాలది పైచేయి. మిగతా కప్ప, కుందేలు, పాము, గబ్బిలం అన్నీ రాష్ట్రాల పూచీ.

ఇక్కడ మూడు మాటలు తరచు కలగాపులగం అవుతుంటాయి. ‘గేమ్’ అంటే చట్టం అనుమతించిన సీజన్‌లో వేటాడదగ్గ జంతువులు: జింక, ఎల్క్, టర్కీ కోడి, బాతు లాంటివి. గాలం వేసి పట్టే ట్రౌట్, బాస్ చేపలకు కూడా దాదాపు ఇదే హోదా. ‘నాన్‌గేమ్’ అంటే తుపాకీకి గాని, గాలానికి గాని, బోనుకు గాని గురికానివన్నీ. పాటల పిట్టలు, గద్దలు, గబ్బిలాలు, బల్లిలా కనిపించే సాలమాండర్లు, చాలా రకాల తాబేళ్లు, మంచినీటి ఆల్చిప్పలు, సీతాకోకచిలుకలు ఇందులోకి వస్తాయి. రకాల లెక్కన చూస్తే ఏ రాష్ట్రంలోనైనా వీటిదే మెజారిటీ. ‘ఎన్‌డేంజర్డ్’ అంటే అంతరించే ప్రమాదం ముంచుకొచ్చినవి. ఆ దారిలో ఉన్నవాటిని ‘త్రెటెన్డ్’ అంటారు. ఫెడరల్ ప్రభుత్వానికి 1973 నాటి అంతరించే జీవుల రక్షణ చట్టం కింద ఒక జాబితా ఉంది, చాలా రాష్ట్రాలకు విడిగా సొంత జాబితాలున్నాయి. పెరట్లో వాలే రాబిన్ పిట్ట నాన్‌గేమ్, కానీ దానికి ఏ ప్రమాదమూ లేదు. కాబట్టి నాన్‌గేమ్ అనగానే అంతరించిపోతోందని అనుకోకూడదు.

తూటా మీద పన్ను, అడవికి ఆదాయం

19వ శతాబ్దం చివరికి అమెరికాలో వన్యప్రాణుల పరిస్థితి ఘోరంగా ఉండేది. మార్కెట్ కోసం విచ్చలవిడిగా వేటాడి బైసన్ మందల్ని కొన్ని వందలకు దించేశారు. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో ఎగిరిన ప్యాసింజర్ పావురాల్లో చివరిది 1914లో సిన్సినాటి జూలో చచ్చిపోయింది. దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు 5 లక్షలకు పడిపోయాయని అంచనా. అప్పుడు మార్పు కోరినవాళ్లలో సరదా కోసం వేటాడేవాళ్లే ముందున్నారు. వేటాడటానికి జంతువులు మిగలాలంటే నియమాలుండాలని వాళ్లకు అర్థమైంది. రాష్ట్రాలు లైసెన్సులు అమ్మడం, ఆ డబ్బుతో వార్డెన్లకు జీతాలివ్వడం అలా మొదలైంది.

1937లో పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్, వర్జీనియా ప్రతినిధి విల్లిస్ రాబర్ట్‌సన్ పేర్ల మీద దానికా పేరు. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ఎక్సైజ్ పన్నును సాధారణ ఖజానాలో కలపకుండా నేరుగా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచాలని ఆ చట్టం చెప్పింది. ఇప్పుడు పొడవాటి తుపాకులకు, తూటాలకు, విల్లంబుల సామాగ్రికి 11 శాతం, చేతి తుపాకులకు 10 శాతం. కొనేవాడి బిల్లులో ఇది విడిగా కనబడదు. తయారీదారు లేదా దిగుమతిదారు ముందే కట్టేసి ధరలో కలిపేస్తాడు. 1950లో చేపల వేట సామాగ్రికీ ఇలాంటి చట్టమే తెచ్చారు. 1984లో మోటారు పడవల ఇంధనాన్ని కూడా అందులోకి చేర్చారు.

డబ్బు పంపకంలో రెండు కొలతలున్నాయి. సగం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, సగం అక్కడ లైసెన్సు కొన్న వేటగాళ్ల సంఖ్యను బట్టి. ఒక రాష్ట్రం లక్ష డాలర్లతో చిత్తడి నేలను బాగుచేయాలనుకుందాం. 75 వేలు ఫెడరల్ నిధి ఇస్తుంది. 25 వేలు రాష్ట్రం పెట్టుకోవాలి. ఆ పాతికవేలు సాధారణంగా వేట లైసెన్సుల ఆదాయం నుంచే వస్తాయి. మన దగ్గర కేంద్ర ప్రాయోజిత పథకాల్లో 60:40 వాటాలుంటాయి కదా, అదే పద్ధతి.

చట్టంలో ఇంకో షరతు ఉంది. లైసెన్సు డబ్బును రాష్ట్రం మరో అవసరానికి మళ్లిస్తే ఫెడరల్ వాటాకు ఎసరు. ఈ షరతు నా దృష్టిలో మొత్తం చట్టానికి ప్రాణం. 1937 తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఎన్ని బడ్జెట్ లోట్లు వచ్చినా, గవర్నర్లు ఆ డబ్బు జోలికి వెళ్లలేకపోవడానికి కారణం ఇదే. పన్ను వసూలైన వెంటనే నిధికి చేరుతుంది. ఏటా అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ముందు చెయ్యి చాచే పనిలేదు. జింకలు ఇవాళ దాదాపు 3 కోట్లున్నాయంటే, టర్కీ కోళ్లు, ఎల్క్‌లు మళ్లీ అడవుల్లో కనిపిస్తున్నాయంటే ఆ నిలకడకు పెద్ద పాత్రే ఉంది. 2022లో, 2023లో రాష్ట్రాలకు ఈ ఒక్క చట్టం కింద అందింది ఏటా 100 కోట్ల డాలర్ల పైమాటే.

వేటగాడి డబ్బుతో కప్ప బతుకుతుందా

బాతుల కోసం ఒక చిత్తడి నేలను కాపాడితే అందులో కొంగలు, కప్పలు, తూనీగలు కూడా బతుకుతాయి. వేటగాళ్ల సంఘాలు మొదటినుంచీ చెప్పే మాట ఇది. ఇందులో నిజముంది. రాష్ట్ర శాఖలు కొన్న లక్షలాది ఎకరాల్లో వేట జంతువులతో పాటు వేలాది ఇతర జీవులు తలదాచుకుంటున్నాయి. చట్టం కూడా నాన్‌గేమ్‌ను పూర్తిగా వెలివేయలేదు. అడవి పక్షులు, క్షీరదాలు ఏవైనా సరే వాటికి ఈ డబ్బు ఖర్చు పెట్టొచ్చు.

కానీ ‘పక్షులు, క్షీరదాలు’ అన్న ఆ రెండు మాటల దగ్గరే గీత పడింది. కప్పలు, తాబేళ్లు, పాములు, ఆల్చిప్పలు, తేనెటీగలు ఆ గీతకు అవతల ఉండిపోయాయి. చేపల చట్టం కింద వచ్చే డబ్బు సరదాగా గాలం వేసి పట్టే చేపలకే పరిమితం. ఉత్తర అమెరికా నదుల్లో సుమారు 300 రకాల మంచినీటి ఆల్చిప్పలున్నాయి. నీటిని వడగట్టి శుభ్రం చేసే ఈ జీవుల్లో మూడింట రెండు వంతులు ఏదో ఒక స్థాయి ప్రమాదంలో ఉన్నాయి. వీటి మీద తుపాకీ తూటా ఖర్చు కాదు, గాలమూ పడదు. అందుకే ఈ రెండు చట్టాల కింద వీటి పేరున పైసా పుట్టదు.

ఒకే నేలలో అన్నీ బతుకుతాయన్న వాదనకు హద్దు కూడా ఉంది. జింకలకు, గ్రౌస్ పక్షులకు చిగురు ఎక్కువుండే లేత అడవి కావాలి, అందుకోసం కొన్ని చోట్ల పెద్ద చెట్లు నరుకుతారు. ముదురు అడవిలో తడి ఆకుల కింద బతికే సాలమాండర్‌కు అదే పని ముప్పు. డబ్బు జింక వేటగాడి నుంచి వస్తున్నప్పుడు, ఏ అడవి ఎలా ఉండాలన్న నిర్ణయం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. శాఖల్లో పనిచేసే జీవశాస్త్రవేత్తల మంచితనాన్ని శంకించడం లేదు. ఆదాయం ఎటు నుంచి వస్తే ప్రాధాన్యం అటు పోవడం ఏ సంస్థలోనైనా జరిగేదే.

పైగా ఆదాయమిచ్చేవాళ్లు మారిపోతున్నారు. 2016 జాతీయ సర్వే ప్రకారం 16 ఏళ్లు దాటిన వేటగాళ్లు 1 కోటి 15 లక్షల మంది, అంటే దేశ జనాభాలో వందకు ఐదుగురు కూడా లేరు. పక్షుల్ని, జంతువుల్ని చూడటానికి సమయం, డబ్బు వెచ్చించేవాళ్లు మాత్రం 8 కోట్ల 60 లక్షలు. తుపాకీ పన్ను వసూళ్లు కొన్నేళ్లు బాగా పెరిగాయి కానీ అందులో పెద్ద భాగం ఆత్మరక్షణకో, గురి సాధనకో కొనేవాళ్లది. వాళ్లలో చాలామంది అడవి ముఖం చూడరు. 2022లో జార్జియా ప్రతినిధి ఆండ్రూ క్లైడ్ ఈ పన్నునే రద్దు చేయాలంటూ బిల్లు పెట్టారు. అది ముందుకు సాగలేదు కానీ, తొంభై ఏళ్ల ఏర్పాటును ప్రశ్నించేవాళ్లు ఇప్పుడు అటువైపు నుంచి కూడా ఉన్నారని తెలిసొచ్చింది.

మన దగ్గర ఈ చిక్కు ఈ రూపంలో రాదు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట దాదాపు ఆగిపోయింది కాబట్టి వేటగాళ్ల ఆదాయమన్న మాటే లేదు. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడికైనా, నల్లమల పులికైనా డబ్బు రావాల్సింది బడ్జెట్ నుంచి, లేదా అటవీ భూమిని ప్రాజెక్టులకు మళ్లించినప్పుడు కట్టించుకునే పరిహార నిధి నుంచి. అక్కడైనా ఇక్కడైనా పులికి, జింకకు దొరికినంత సులువుగా ఎవరికీ కనిపించని పిట్టకు డబ్బు దొరకదు.

జాబితాకెక్కితే డబ్బు, ఎక్కకపోతే ఎదురుచూపు

మరి 1973 చట్టం ఉంది కదా అనిపించవచ్చు. దాని ఆరో సెక్షన్ కింద రాష్ట్రాలకు ఫెడరల్ గ్రాంట్లున్నాయి. ఖర్చులో 75 శాతం దాకా, రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాలు కలిసి చేస్తే 90 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. ఉదాహరణకి ఒక రాష్ట్రం 4 లక్షల డాలర్లతో అరుదైన గబ్బిలాల సర్వే చేయాలనుకుంటే 3 లక్షలు అక్కడి నుంచి వస్తాయి. లక్ష సొంతంగా చూపించాలి. జింక ప్రాజెక్టుకైతే ఆ లక్ష లైసెన్సుల్లోంచి తీస్తారు. గబ్బిలానికి తీస్తే లైసెన్సు కొన్నవాళ్లు ఊరుకోరు. రాష్ట్ర వాటా దొరక్క ఫెడరల్ డబ్బు వదులుకోవడం నాన్‌గేమ్ విభాగాలను ఎప్పుడూ వెంటాడే భయం.

ఇంతకంటే లోతైన చిక్కు, ఈ చట్టం ప్రధానంగా జబ్బు ముదిరాక ఇచ్చే వైద్యం. 2006 చలికాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో ముక్కు చుట్టూ తెల్లటి బూజు పట్టిన గబ్బిలాలు కనిపించాయి. వైట్ నోస్ సిండ్రోమ్ అనే ఆ వ్యాధి శీతాకాలపు నిద్రలో ఉన్నవాటిని లేపి, ఒంట్లో దాచుకున్న కొవ్వంతా కరిగించి చంపేస్తుంది. కొన్నేళ్లలో లక్షల గబ్బిలాలు చచ్చిపోయాయి. అప్పటిదాకా మామూలుగా కనిపించే నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ గబ్బిలం 2015లో త్రెటెన్డ్ జాబితాలోకి, 2022 నిర్ణయంతో ఎన్‌డేంజర్డ్ జాబితాలోకి వెళ్లింది. వ్యాధి మొదలైన తొలి ఏళ్లలో గుహగుహకూ తిరిగి లెక్కలు తీయాల్సింది రాష్ట్రాల నాన్‌గేమ్ సిబ్బంది. కొన్ని రాష్ట్రాల్లో ఆ విభాగమంతా కలిపి పట్టుమని పదిమంది ఉండరు.

జాబితాకెక్కాక ఖర్చు పెరుగుతుంది, భూయజమానుల మీద ఆంక్షలొస్తాయి, కోర్టు కేసులు మొదలవుతాయి. ముందే చూసుకుంటే చవకలో పోతుందన్న విషయంలో పర్యావరణవాదులు, పరిశ్రమలు, రెండు పార్టీల నాయకులు ఇంచుమించు ఒకే మాట మీదున్నారు. గొడవంతా ఆ ‘ముందే’ పెట్టాల్సిన డబ్బు ఎవరిదన్న దగ్గర.

గడప దాకా వచ్చి ఆగిపోయిన ప్రయత్నాలు

1980లో కాంగ్రెస్ నాన్‌గేమ్ కోసమే ప్రత్యేకంగా చట్టం చేసింది. రాష్ట్రాలు ప్రణాళికలు వేయాలి, ఫెడరల్ ప్రభుత్వం ఖర్చులో వాటా ఇవ్వాలి. చట్టం పుస్తకంలోకి ఎక్కింది కానీ దాని కింద డబ్బు ఎన్నడూ కేటాయించలేదు. అమెరికా బడ్జెట్లో ఫలానా పనికి ఇంత దాకా ఖర్చు చేయొచ్చు అని అనుమతించడం ఒక మెట్టు, నిజంగా ఇంత ఇస్తున్నాం అని కేటాయించడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు ఎక్కి రెండోది ఎక్కని పథకానికి కాగితం మీద తప్ప ఉనికి ఉండదు.

1990లలో ఇంకో ఆలోచన వచ్చింది. వేటగాళ్లు తుపాకీ మీద పన్ను కడుతున్నట్టే, పక్షుల్ని చూసేవాళ్లు బైనాక్యులర్ల మీద, టెంట్ల మీద, బ్యాక్‌ప్యాక్‌ల మీద, పక్షి గింజల మీద కొద్ది శాతం కట్టకూడదా? ‘టీమింగ్ విత్ వైల్డ్‌లైఫ్’ పేరుతో వేలాది సంస్థలు మద్దతిచ్చాయి. ఈ సామాగ్రి తయారుచేసే కంపెనీల్లో చాలావరకు ససేమిరా అన్నాయి. వాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. బ్యాక్‌ప్యాక్ కొన్న ప్రతివాడూ అడవికి పోడు, చాలామంది కాలేజీకి పోతారు. దిగుమతి సుంకాలు ఎలాగూ కడుతున్నామని కూడా అన్నారు. అయితే చేతి తుపాకీ కొన్నవాళ్లలో ఎక్కువమంది కూడా అడవికి పోరు, అయినా కడుతున్నారు కదా అని అవతలివాళ్ల జవాబు. ఆ పన్ను రాలేదు.

తర్వాత సముద్రంలో తీసే చమురు మీద వచ్చే ఆదాయంలోంచి వాటా ఇవ్వాలన్న పెద్ద బిల్లు 2000లో దిగువ సభలో నెగ్గింది. సెనేట్‌లో ఓటింగుకే రాలేదు. రాజీగా పుట్టినవే స్టేట్ వైల్డ్‌లైఫ్ గ్రాంట్లు. ఏటేటా కాంగ్రెస్ దయ మీద ఆధారపడే కేటాయింపు ఇది. పంపకంలో ఇక్కడ వేటగాళ్ల లెక్క లేదు. మూడింట రెండు వంతులు జనాభాను బట్టి, ఒక వంతు విస్తీర్ణాన్ని బట్టి. షరతు ఒక్కటే, ప్రతి రాష్ట్రం 2005 లోపు వన్యప్రాణి కార్యాచరణ ప్రణాళిక రాయాలి, పదేళ్లకోసారి సవరించాలి. 50 రాష్ట్రాలూ రాశాయి. ఈ ప్రణాళికలు నిజంగా విలువైన పని. ఏ వాగులో ఏ చేప తగ్గుతోంది, ఎందుకు, ఏం చేయాలి అన్నది దేశమంతటా ఒక పద్ధతిలో రాసిపెట్టడం అదే మొదటిసారి.

అన్ని ప్రణాళికలూ కలిపి చూస్తే శ్రద్ధ అవసరమైన జీవులు 12,000 దాటాయి. గ్రాంట్లేమో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా సుమారు 7 కోట్ల డాలర్లు. భాగించి చూడండి, ఒక్కో జీవికి ఏడాదికి 6 వేల డాలర్ల లోపు. ఒక మనిషిని రెండు నెలలు పనిలో పెట్టుకోవడానికి కూడా చాలదు.

ఈ లోటు పూడ్చడానికే ‘రికవరింగ్ అమెరికాస్ వైల్డ్‌లైఫ్ యాక్ట్’ అనే బిల్లు. వేట, చేపల వేట సామాగ్రి అమ్మే బాస్ ప్రో షాప్స్ వ్యవస్థాపకుడు జాన్ మోరిస్, వయోమింగ్ మాజీ గవర్నర్ డేవ్ ఫ్రాయిడెంతాల్ నాయకత్వంలోని ప్యానెల్ ఏడాదికి 130 కోట్ల డాలర్లు కావాలని తేల్చింది. దాన్ని ఆధారం చేసుకున్న బిల్లులో ఆదివాసీ తెగల ప్రభుత్వాలకు విడిగా మరో 9 కోట్ల 75 లక్షలు చేర్చారు. ఇదే గనక వస్తే పై లెక్కలో ఒక్కో జీవికి లక్ష డాలర్లు దాటుతుంది. బిల్లును ముందుండి నడిపిన మిషిగన్ ప్రతినిధి డెబ్బీ డింగెల్, 1950 చేపల చట్టానికి పేరిచ్చిన జాన్ డింగెల్‌కు కోడలు. 2022 జూన్‌లో దిగువ సభ 231–190 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో రెండు పార్టీల వాళ్లూ మద్దతు పలికారు. చివరికి ఆ డబ్బుకు ఆదాయ మార్గం ఏదన్న దగ్గర మాట కుదరక, డిసెంబరులో పెద్ద బడ్జెట్ బిల్లులో చోటు దక్కక ఆగిపోయింది. 2023లో మళ్లీ సెనేట్‌లో పెట్టారు. అదీ చట్టం కాలేదు.

రాష్ట్రాలు సొంతంగా వేసుకున్న దారులు

పన్ను ఫారంలో చందా గడి మొదట పెట్టింది కొలరాడో, 1977లో. కాన్సాస్, మిన్నెసోటా, న్యూజెర్సీ సహా చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక రాష్ట్రంలో 10 లక్షల రిటర్న్‌లు, వందకు ఒకరు 10 డాలర్ల చొప్పున ఇచ్చారు. మొత్తం లక్ష డాలర్లు. చిన్న మొత్తమే, కానీ ఆరో సెక్షన్ గ్రాంటుకు రాష్ట్ర వాటాగా చూపిస్తే అది 4 లక్షల పని అవుతుంది. చందా గడికి ఉన్న అసలు బలం ఇదే. బలహీనత కూడా తెలిసిందే. మొదట్లో ఆ గడి ఒక్కటే ఉండేది. తర్వాత క్యాన్సర్ పరిశోధన, మాజీ సైనికులు, పిల్లల సంక్షేమం అంటూ గడులు పెరిగాయి. అన్నీ మంచి పనులే, అందరి కన్నూ అదే రిఫండ్ మీద. టెక్సాస్, వాషింగ్టన్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు కాబట్టి ఈ దారే మూసుకుపోయింది. డల్లాస్, సియాటెల్ తెలుగువాళ్లకు ఈ గడి ఎప్పుడూ కనబడకపోవడానికి కారణం అదే.

అలాంటిచోట్ల కారు నంబర్ ప్లేట్లు ఆదుకున్నాయి. వాషింగ్టన్‌లో 1970ల నుంచి కోరుకున్న నంబర్ ప్లేట్ల ఆదాయం నాన్‌గేమ్‌కు వెళ్తోంది. టెక్సాస్‌లో కొమ్ముల బల్లి బొమ్మ ఉన్న ప్లేటు కొంటే అదనంగా కట్టే సొమ్ములో ఎక్కువ భాగం వన్యప్రాణి కార్యక్రమాలకు చేరుతుంది. ఆరిజోనా ఓటర్లు 1990లో, కొలరాడో ఓటర్లు 1992లో లాటరీ ఆదాయంలోంచి వాటా ఇచ్చారు. వర్జీనియా కొత్త పన్ను వేయకుండా, వేట, చేపల వేట, పక్షి వీక్షణ సామాగ్రి మీద అప్పటికే వసూలవుతున్న అమ్మకం పన్నులో కొంత వాటాను 1998లో శాఖకు మళ్లించింది.

అందరికంటే సాహసంగా నడిచింది మిస్సోరీ. 1976లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి అమ్మకాల మీద ఒక శాతంలో ఎనిమిదో వంతు సంరక్షణకు ఇచ్చేశారు. 8 డాలర్ల కొనుగోలుకు ఒక సెంటు. ఏడాదికి 24 వేల డాలర్ల సరుకులు కొనే కుటుంబం తెలియకుండానే 30 డాలర్లు ఇస్తున్నట్టు లెక్క. 200 డాలర్ల బైనాక్యులర్ కొన్నవాడు పావు డాలరు ఇస్తాడు, 200 డాలర్ల తుపాకీ కొన్నవాడూ అంతే, చొక్కాలు కొన్నవాడూ అంతే. రాజ్యాంగంలో ఉంది కాబట్టి శాసనసభ మళ్లించలేదు. శాఖ ఆదాయంలో సగానికి పైగా ఇదే. అర్కాన్సాస్ 1996లో ఇదే రేటుతో సవరణ చేసుకుని, వచ్చినదాంట్లో 45 శాతం వన్యప్రాణి శాఖకు, 45 శాతం పార్కులకు, మిగతా పదిలో ఎక్కువ వారసత్వ సంపదకు పంచింది. మిన్నెసోటా 2008లో ఒక శాతంలో ఎనిమిదింట మూడు వంతులు పెట్టింది, నీళ్లకు, కళలకు కూడా వాటాలిస్తూ.

నేనైతే మిస్సోరీ పద్ధతి వైపే మొగ్గుతాను. జంతువులు అందరివీ అయినప్పుడు ఖర్చు అందరి మీదా పలచగా పడటం న్యాయం. దీనికి ఎదురుగా నిలిచే అభ్యంతరం కూడా న్యాయమైనదే. అమ్మకం పన్ను పేదవాడి ఆదాయంలో ఎక్కువ శాతం తినేస్తుంది. ఎనిమిదో వంతు శాతం దగ్గర అది చిన్న భారమే, కానీ ప్రతి మంచి పనికీ ఇదే దారి పడితే చిన్నవన్నీ కలిసి పెద్దవుతాయి.

ఒకే ఒక్క గూడు నుంచి

కొద్దిపాటి నాన్‌గేమ్ డబ్బు ఏం చేయగలదో న్యూజెర్సీ బాల్డ్ ఈగిల్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. డీడీటీ పురుగుమందు చేపల్లోంచి గద్దల ఒంట్లోకి చేరి, గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయేవి. 1972లో డీడీటీని నిషేధించినా మట్టిలో, నీళ్లలో మిగిలిన విషం మిగిలే ఉంది. 1980ల మొదట్లో రాష్ట్రం మొత్తంలో ఒకే గూడు ఉండేది, కంబర్లాండ్ కౌంటీ బేర్ స్వాంప్‌లో. నాన్‌గేమ్ విభాగం వాళ్లు ఆ గూట్లోంచి అసలు గుడ్డు తీసి, బదులుగా నకిలీ గుడ్డు పెట్టి, అసలుదాన్ని ఇంక్యుబేటర్‌లో పొదిగించి, పిల్లను తిరిగి తల్లి దగ్గరికి చేర్చేవారు. కెనడా నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి ఏళ్ల తరబడి పెంచి వదిలారు. గూళ్లకు వాలంటీర్లు కాపలా కాశారు, ఇప్పటికీ కాస్తున్నారు. చందా గడి డబ్బు, గద్ద బొమ్మ నంబర్ ప్లేట్ల డబ్బు, ఫెడరల్ గ్రాంట్లు కలిసి ఈ పనిని నడిపించాయి. ఇప్పుడు గూళ్లు 250 దాటాయి. 2025 జనవరిలో రాష్ట్రం బాల్డ్ ఈగిల్‌ను తన ప్రమాద జాబితా నుంచి తీసేసింది.

అయితే గద్ద దేశానికి చిహ్నం. నంబర్ ప్లేటు మీద బొమ్మగా బాగుంటుంది. అదే రాష్ట్రపు బురద నేలల్లో నాలుగంగుళాల బాగ్ తాబేలు ఉంటుంది. దాని బొమ్మతో ప్లేట్లు అమ్ముడుపోవు. అభిమానం మీద నడిచే నిధులన్నిటికీ ఉన్న పరిమితి ఇది. అందమైనదానికి, పేరున్నదానికి చందా వస్తుంది. అవసరాన్ని బట్టి ఖర్చు చేయాలంటే షరతులు తక్కువున్న డబ్బు కావాలి.

ఎవరి అభ్యంతరం ఎక్కడ

వేటగాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. తొంభై ఏళ్లుగా భారం మేమే మోశాం, మిగతావాళ్లూ భుజం కలపాలి అనేవాళ్లు ఒకరు. డబ్బు కొత్తవాళ్ల నుంచి వస్తే శాఖ మీద పెత్తనం కూడా వాళ్లదే అవుతుంది, రేపు వేటనే ఆపమంటారు అని భయపడేవాళ్లు ఇంకొకరు. ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. తోడేళ్లు, ఎలుగుబంట్ల వేట మీద చాలా రాష్ట్రాల్లో ఇప్పటికే పోరు నడుస్తోంది. మరోవైపు పక్షి ప్రేమికులు, జంతు హక్కుల వాళ్లు మేం పన్ను కడితే ఆ డబ్బు జింకల సంఖ్య పెంచడానికే పోదని హామీ ఏదని అడుగుతున్నారు. నిర్ణయాలు తీసుకునే రాష్ట్ర కమిషన్లలో తమకూ కుర్చీ కావాలంటున్నారు.

పొదుపు కోరే నాయకుల అభ్యంతరం వేరు. ఏటా ఓటు అవసరం లేకుండా డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు చేస్తే, పని జరుగుతోందా లేదా అని కాంగ్రెస్ అడిగే అవకాశం పోతుందని వాళ్ల వాదన. బిల్లు సమర్థకులు అదే నిలకడను గుణంగా చూస్తున్నారు. ఆల్చిప్పల్ని హేచరీలో పెంచి నదిలో వదిలి అవి నిలదొక్కుకున్నాయో లేదో తెలియడానికి పదేళ్లు పడుతుంది, ఏడాది బడ్జెట్‌ను నమ్ముకుని ఎవరూ ఆ పని మొదలుపెట్టలేరు అంటారు వాళ్లు. నాకు రెండోదే బలంగా అనిపిస్తుంది. 1937 చట్టం ఫలించింది డబ్బు ఎక్కువ కావడం వల్ల కంటే, వచ్చే ఏడాది కూడా వస్తుందన్న నమ్మకం వల్ల. అదే నమ్మకం నాన్‌గేమ్‌కు ఇప్పటివరకు కొన్ని రాష్ట్రాల్లోనే దొరికింది.

అక్కడ కూడా అది శాశ్వతం కాదు. మిన్నెసోటా పన్నుకు 2034 వరకే గడువుంది. కొనసాగాలంటే ఓటర్లను మళ్లీ అడగాల్సిందే.